జీతంతో పీహెచ్‌డీ: అల్గారిథమ్‌లు, కాంబినేటోరియల్ ఆప్టిమైజేషన్ వైపు వెళ్లేవారికి సమగ్ర మార్గదర్శి

ఇరవై ఊళ్లున్నాయి. ప్రతి ఊరికీ ఒక్కసారే వెళ్లి, బయలుదేరిన చోటికే తిరిగి రావాలి. తిరిగిన దూరం అన్నిటికన్నా తక్కువ ఉండాలి. ఎన్ని రకాలుగా తిరగవచ్చో లెక్కేస్తే సుమారు 608 కోట్ల కోట్ల దారులు తేలతాయి. హెల్డ్, కార్ప్ 1962లో ప్రచురించిన పద్ధతి పట్టుకుంటే అదే లెక్క 42 కోట్ల చిన్న అడుగుల దగ్గరకు దిగుతుంది. మామూలు ల్యాప్‌టాప్‌కు అదేమంత బరువు కాదు. అన్ని దారులనూ తడమకుండానే మేలైనదాన్ని ఎలా పట్టుకోవాలి, పట్టుకోలేమని తేలితే దానికి ఎంత దగ్గరగా వెళ్లగలం అన్న ప్రశ్నల చుట్టూ పెరిగిన శాస్త్రమే కాంబినేటోరియల్ ఆప్టిమైజేషన్.

ఈ శాస్త్రంలో పరిశోధనకు ప్రయోగశాల అక్కర్లేదు, రసాయనాలు అక్కర్లేదు, పెద్ద యంత్రాలు కూడా చాలామందికి అక్కర్లేదు. పలక, సుద్ద, కాగితాలు, ఆలోచించడానికి ఖాళీ సమయం ఉంటే చాలు. అందువల్ల ఒక పరిశోధన ప్రాజెక్టుకు వచ్చిన డబ్బులో ఎక్కువ భాగం మనుషుల జీతాలకే పోతుంది. ఆ మనుషుల్లో ఒకరు మీరు కావాలి. చాలామంది జీతంతో వచ్చే పీహెచ్‌డీ సీటును మార్కులు చూసి ఇచ్చే బహుమతిలా భావించి, అందరికీ ఒకే దరఖాస్తు పంపి ఎదురుచూస్తారు. నిజానికి ఆ డబ్బు ఎప్పుడూ ఎవరో ఒకరి ఖాతాలో, ఏదో ఒక పని పేరు మీద, ఒక గడువుతో ఉంటుంది. అది ఎవరి ఖాతాలో ఉందో కనిపెడితే ఎవరికి రాయాలో, ఎప్పుడు రాయాలో, ఏం రాయాలో దాదాపు అదే తేలిపోతుంది. ఈ వ్యాసమంతా ఆ ఒక్క సూత్రం మీదే నడుస్తుంది.

మొదటి అడుగు: మీది ఏ మూలో తేల్చుకోండి

రంగం పేరు ఒకటే అయినా లోపల వేర్వేరు మనస్తత్వాల మనుషులున్నారు. మీరెటువైపో తేల్చుకోవడానికి రెండు అంకెలు చెబుతాను.

మొదటిది. పైన చెప్పిన ఊళ్ల సమస్యకు, దూరాలు త్రిభుజ నియమాన్ని పాటించినప్పుడు (అంటే రెండు ఊళ్ల మధ్య నేరు దూరం మూడో ఊరి మీదుగా వెళ్లే దూరాన్ని మించనప్పుడు), అసలు సమాధానానికి ఒకటిన్నర రెట్లకు మించని దారిని వేగంగా కనుక్కునే పద్ధతిని క్రిస్టోఫిడెస్ 1976లో ఇచ్చాడు. సెర్ద్యుకోవ్ కూడా విడిగా అదే కనుగొన్నాడు. తర్వాత నలభై ఏళ్లకు పైగా ఆ ఒకటిన్నరను ఎవరూ తగ్గించలేకపోయారు. 2020లో కార్లిన్, క్లైన్, ఓవెయిస్ ఘరాన్ తగ్గించారు. ఎంత? దశాంశ బిందువు తర్వాత 35 సున్నాలు పెట్టి, ఆ పక్కన ఒకటి వేస్తే వచ్చేంత.

రెండోది 85,900. చిప్ తయారీ నుంచి వచ్చిన 85,900 బిందువుల ఇదే సమస్యకు 2006లో కచ్చితమైన సమాధానం కనుక్కున్నారు. అంతకన్నా పొట్టి దారి లేదని రుజువు కూడా చేశారు. కాంకార్డ్ అనే ప్రోగ్రామ్‌తో, కటింగ్ ప్లేన్‌ల పద్ధతితో సాధించిన ఫలితం అది.

మొదటి అంకె చదవగానే "ఇంత చిన్న మెరుగుదల ఎవరికి పనికొస్తుంది" అనిపించిందా? లేక "నలభై ఏళ్ల గోడకు పగులు ఎక్కడ పడింది" అని తెలుసుకోవాలనిపించిందా? రెండో రకం వారికి కంప్యూటర్ సైన్స్ విభాగాల్లోని సిద్ధాంత బృందాలు సరిపోతాయి: ఉజ్జాయింపు అల్గారిథమ్‌లు (మేలైనదానికి దగ్గరి సమాధానం ఇచ్చేవి), ఆన్‌లైన్ అల్గారిథమ్‌లు (ముందేం వస్తుందో తెలియకుండానే నిర్ణయించేవి), పారామీటరైజ్డ్ అల్గారిథమ్‌లు (సమస్యలోని ఏదో ఒక కొలత చిన్నదైతే వేగంగా నడిచేవి), కాఠిన్య నిరూపణలు (వేగమైన పద్ధతి దొరకదని చూపేవి). 85,900 దగ్గర కళ్లు మెరిసినవారు ఇంటీజర్ ప్రోగ్రామింగ్ (పూర్ణ సంఖ్యల్లోనే మేలైన జవాబు వెతకడం), ఆపరేషన్స్ రీసెర్చ్ వైపు చూడాలి. బెర్లిన్‌లోని జూజె ఇన్‌స్టిట్యూట్‌లో స్కిప్ అనే సాల్వర్‌ను (ఇలాంటి సమస్యలు పరిష్కరించే ప్రోగ్రామ్‌ను) తయారుచేసిన బృందం అలాంటిది. ఈ రెండింటి మధ్య గణితం వైపు మూడో మూల ఉంది: మాట్రాయిడ్‌లు, పాలీహెడ్రాలు, గ్రాఫ్ సిద్ధాంతం.

ఏ మూల ఎంచుకుంటే ఆ విభాగం, ఆ విభాగాన్ని బట్టి జీతం, బోధన భారం మారతాయి. ఒకే సమస్య మీద పనిచేసే ఇద్దరిలో ఒకరు గణిత విభాగంలో ఉండి ప్రతి సెమిస్టర్ కాలిక్యులస్ తరగతులకు పేపర్లు దిద్దవచ్చు; మరొకరు ప్రాజెక్టు జీతం మీద ఉండి ఏడాదంతా పరిశోధనే చేయవచ్చు. ఈ తేడా ఏ విశ్వవిద్యాలయ కరపత్రంలోనూ ప్రముఖంగా కనిపించదు.

రెండో అడుగు: డబ్బు ఎక్కడి నుంచి పారుతుందో చూడండి

ఇక్కడ కాస్త ఎక్కువసేపు ఆగుదాం. జీతం ప్రధానంగా నాలుగు దారుల్లో వస్తుంది.

ఒకటి, బోధన సహాయకుడి పని. ఉత్తర అమెరికాలో ఇది సర్వసాధారణం. ఫీజు మాఫీ అవుతుంది, నెలనెలా స్టైపెండ్ వస్తుంది, బదులుగా ట్యుటోరియళ్లు చెప్పాలి, పేపర్లు దిద్దాలి. చదువు సుమారు ఐదేళ్లు. అమెరికాలో చాలా చోట్ల మాస్టర్స్ లేకుండానే చేర్చుకుంటారు. ఎంపిక చేసేది ఒక కమిటీ కాబట్టి ఒక ప్రొఫెసర్ మిమ్మల్ని ఇష్టపడినంత మాత్రాన సీటు ఖాయం కాదు. ఇంకో మెలిక: చాలా చోట్ల స్టైపెండ్ తొమ్మిది నెలలకే రాసి ఉంటుంది. వేసవి మూడు నెలల జీతం గైడ్ ప్రాజెక్టు నుంచి రావాలి. రాకపోతే ఏం చేస్తారన్నది ముందే అడగాలి.

రెండు, ప్రొఫెసర్ ప్రాజెక్టు. ఐరోపాలో ఈ దారే రాజమార్గం. ఐరోపా పరిశోధన మండలి ఇచ్చే స్టార్టింగ్ గ్రాంటు 15 లక్షల యూరోల వరకు, కన్సాలిడేటర్ 20 లక్షల వరకు, అడ్వాన్స్‌డ్ 25 లక్షల వరకు ఉంటాయి. గడువు ఐదేళ్ల వరకు. అల్గారిథమ్‌ల మనిషికి ఇంత డబ్బు వచ్చిందంటే కొనడానికి యంత్రాలేమీ లేవు కాబట్టి పీహెచ్‌డీ విద్యార్థులను, పోస్ట్‌డాక్‌లను (పీహెచ్‌డీ ముగించిన తాత్కాలిక పరిశోధకులను) తీసుకుంటాడు. విజేతల జాబితా బహిరంగంగా ప్రకటిస్తారు. ఆ జాబితాలో మీ రంగం పేర్లు ఏరుకుని, ప్రకటన వెలువడిన నెలల్లోనే రాయండి. ఉద్యోగ ప్రకటన పడేదాకా ఆగితే మీతోపాటు వందమంది చదువుతారు.

ఇక్కడ మీరు విద్యార్థి కన్నా ఉద్యోగి. జర్మనీలో ఈ కొలువులు సాధారణంగా ఈ13 అనే వేతన శ్రేణిలో ఉంటాయి. ఆ పట్టిక ఎవరైనా చూడవచ్చు. ప్రకటనలో 75 శాతం అని ఉంటే జీతం 75 శాతం అని అర్థం. పని కూడా 75 శాతమే అని అమాయకంగా నమ్మకండి. అక్కడే ఇంకో తేడా గమనించండి: విశ్వవిద్యాలయ బడ్జెట్ మీద ఇచ్చే కొలువుకు బోధన జతగా వస్తుంది, ప్రాజెక్టు కొలువుకు చాలావరకు రాదు. నెదర్లాండ్స్‌లో నాలుగేళ్ల ఒప్పందం రివాజు. స్వీడన్‌లో నాలుగేళ్ల చదువుకు బోధన కలిపి ఐదేళ్లు అవుతుంది. ఫ్రాన్స్‌లో డాక్టోరల్ ఒప్పందం మూడేళ్లు. ఈ దేశాల్లో ఎక్కువ చోట్ల మాస్టర్స్ ఉండాలి.

మూడు, సంస్థ లేదా గ్రాడ్యుయేట్ స్కూల్ నేరుగా ఇచ్చేది. వియన్నా దగ్గర క్లోస్టర్‌న్యూబర్గ్‌లోని ఐఎస్‌టీఏ అనే ఆస్ట్రియా పరిశోధన సంస్థ బ్యాచిలర్స్ డిగ్రీతోనే తీసుకుంటుంది. మొదటి ఏడాది వేర్వేరు బృందాల్లో పనిచేయించి, ఆ తర్వాత గైడ్‌ను ఎంచుకోమంటుంది. దరఖాస్తు గడువు ఏటా జనవరి 8న ముగుస్తూ వస్తోంది. సార్‌బ్రుకెన్‌లోని మాక్స్ ప్లాంక్ ఇన్ఫర్మేటిక్స్ సంస్థ, స్విట్జర్లాండ్‌లో లొజాన్‌లోని ఈపీఎఫ్‌ఎల్ విశ్వవిద్యాలయపు కంప్యూటర్ సైన్స్ డాక్టోరల్ స్కూల్ కూడా ఈ కోవకే వస్తాయి. ఏ గైడ్ కావాలో ఇంకా తేలనివారికి నా దృష్టిలో ఇదే మంచి దారి.

నాలుగు, మారీ స్క్లొదోవ్‌స్కా క్యూరీ డాక్టోరల్ నెట్‌వర్క్‌లు. కొన్ని విశ్వవిద్యాలయాలు, కొన్ని కంపెనీలు కలిసి నడుపుతాయి, జీతం బాగుంటుంది. నిబంధన ఒకటుంది: నియామకానికి ముందరి 36 నెలల్లో కొలువు ఇచ్చే దేశంలో 12 నెలలకు మించి నివసించి గానీ పనిచేసి గానీ ఉండకూడదు. అంటే ఒక దేశంలో రెండేళ్ల మాస్టర్స్ చదివినవారికి అదే దేశంలోని నెట్‌వర్క్ కొలువు దక్కదు, పక్క దేశంలోది దక్కుతుంది. ఈ ఒక్క వాక్యం చదవక నెల రోజుల శ్రమ వృథా చేసుకున్నవారిని చూశాను.

వీటన్నిటికీ బయట, సొంత డబ్బుతో చేరమని వచ్చే ఆహ్వానాలు కూడా ఉంటాయి. "మొదటి ఏడాది జీతం లేదు, తర్వాత చూద్దాం" అన్న మాటా వినిపిస్తుంది. ఈ రంగంలో వాటిని మర్యాదగా వదిలేయండి. కొలువు ఖాయం చేయడానికి రుసుము అడిగితే మర్యాద కూడా అక్కర్లేదు.

మూడో అడుగు: మనుషుల జాబితా తయారు చేయండి

ర్యాంకుల పట్టికలు పక్కన పెట్టండి. స్టాక్, ఫాక్స్, సోడా, ఐపీసీఓ, ఐకాల్ప్, ఈఎస్‌ఏ అనే సదస్సుల్లో గత మూడేళ్లలో ఆమోదం పొందిన వ్యాసాల జాబితాలు తెరవండి. శీర్షికలు మాత్రమే చదువుకుంటూ పోండి. మనసు ఆగిన ప్రతిచోటా రచయితల పేర్లు రాసుకోండి. యాభై పేర్లు అవుతాయి. అందులో పది నుంచి పదిహేను మిగలాలి.

ఈ రంగానికి కొత్తవారు పొరపడే చోటు ఒకటుంది. సిద్ధాంత వ్యాసాల్లో రచయితల పేర్లు అక్షర క్రమంలో వేస్తారు. మొదటి పేరున్నవారే పని చేశారని అనుకుంటే ఎ అక్షరంతో పేరు మొదలయ్యే వారంతా మహా పరిశోధకులై కూర్చుంటారు. ఎవరు విద్యార్థి, ఎవరు గైడ్ అన్నది వారి సొంత పేజీలు చూసి తెలుసుకోవాలి.

ఇప్పుడు అసలు కిటుకు. వ్యాసం మొదటి పేజీ అడుగున లేదా చివర చిన్న అక్షరాల్లో ఒక వాక్యం ఉంటుంది: ఫలానా గ్రాంటు సహాయంతో ఈ పని జరిగింది అని, ఒక సంఖ్యతో. చాలామంది చదవకుండా దాటేసే ఆ వాక్యంలోనే మీ జీతం జాడ ఉంది. ఆ సంఖ్య పట్టుకుని వెతికితే గ్రాంటు ఎప్పుడు మొదలైందో, ఎప్పుడు ముగుస్తుందో, ఏ సమస్య మీద ఇచ్చారో కనబడుతుంది. ఐదేళ్ల గ్రాంటులో నాలుగేళ్లు గడిచిపోయి ఉంటే అక్కడ కొత్త విద్యార్థికి చోటు తక్కువ. మొదటి ఏడాదిలోనో రెండో ఏడాదిలోనో ఉంటే ఆ పేరు జాబితాలో పైకి జరపండి.

తర్వాత ఆ గైడ్ పాత విద్యార్థులను చూడండి. ఎన్నేళ్లలో ముగించారు, గైడ్ లేకుండా కూడా వ్యాసాలు రాశారా, ఇప్పుడు ఎక్కడున్నారు? పదేళ్లలో ఒక్క విద్యార్థీ పూర్తిచేయని చోట ఎంత పెద్ద పేరున్నా నేనైతే వెనకాడతాను.

ఎక్కడ వెతకాలో తోచకపోతే కొన్ని స్థావరాలు చెబుతాను. అట్లాంటాలోని జార్జియా టెక్‌లో అల్గారిథమ్‌లు, కాంబినేటరిక్స్, ఆప్టిమైజేషన్ మూడూ కలిపిన పీహెచ్‌డీ 1991 నుంచి ఉంది. కంప్యూటింగ్, గణితం, ఇండస్ట్రియల్ ఇంజనీరింగ్ విభాగాలు కలిసి నడుపుతాయి. పిట్స్‌బర్గ్‌లోని కార్నెగీ మెలన్‌లోనూ అలాంటిదే ఉంది, అక్కడ బిజినెస్ స్కూల్ కూడా భాగస్వామి. కెనడాలోని వాటర్‌లూలో కాంబినేటరిక్స్, ఆప్టిమైజేషన్ పేరుతో ఏకంగా ఒక విభాగమే ఉంది. బాన్‌లోని డిస్క్రీట్ గణిత సంస్థ చిప్ రూపకల్పనతో సిద్ధాంతాన్ని ముడిపెట్టి దశాబ్దాలుగా పనిచేస్తోంది. ఆమ్‌స్టర్‌డామ్‌లో సీడబ్ల్యూఐ అనే గణిత, కంప్యూటర్ సైన్స్ పరిశోధన సంస్థ, జ్యూరిక్‌లో ఈటీహెచ్ విశ్వవిద్యాలయం, ఇంగ్లండ్‌లో వార్విక్, లండన్ స్కూల్ ఆఫ్ ఎకనామిక్స్ గణిత విభాగం, పారామీటరైజ్డ్ అల్గారిథమ్‌లకు బెర్గెన్, వార్సా. బుడాపెస్ట్‌లో ఎగెర్వారీ పేరు మీద ఒక పరిశోధన బృందమే ఉంది. పనులను మనుషులకు తక్కువ ఖర్చుతో పంచడానికి కూన్ 1955లో ప్రచురించిన హంగేరియన్ పద్ధతికి ఆ పేరు రావడానికి కారణం హంగేరీ గణితజ్ఞులు కోనిగ్, ఎగెర్వారీల పనే. ముంబయిలో టీఐఎఫ్‌ఆర్, చెన్నైలో ఐఎంఎస్‌సీ, సీఎంఐ అనే సంస్థలు సిద్ధాంత పరిశోధనకు స్టైపెండ్ ఇస్తాయి.

నాలుగో అడుగు: మిమ్మల్ని మీరు పరీక్షించుకోండి

లీనియర్ ఆల్జీబ్రా, సంభావ్యత, గ్రాఫ్ సిద్ధాంతం, లీనియర్ ప్రోగ్రామింగ్, ఎన్‌పీ కాఠిన్యం (వేగమైన పద్ధతి ఉండదని నమ్మే సమస్యల సిద్ధాంతం): పునాది ఇంతే. కోర్సులో ఎంత మార్కు వచ్చిందన్నది మిమ్మల్ని మీరు అంచనా వేసుకోవడానికి పనికిరాదు. ఇలా చూసుకోండి. పుస్తకం మూసి, తెల్లకాగితం తీసుకుని, గ్రాఫ్ (శీర్షాలు అనే బిందువులు, వాటిని జతలుగా కలిపే అంచులు) మీద వర్టెక్స్ కవర్ సమస్య రాయండి: ప్రతి అంచుకూ కనీసం ఒక కొన ఎంపికయ్యేలా, వీలైనన్ని తక్కువ శీర్షాలు ఎంచుకోవాలి. ప్రతి శీర్షానికీ 0, 1 మధ్య ఏ విలువైనా ఇవ్వవచ్చని అనుకుని, దాన్ని లీనియర్ ప్రోగ్రామ్‌గా మార్చండి. వచ్చిన విలువల్లో సగం, ఆ పైన ఉన్నవాటిని ఎంచుకుంటే సమాధానం రెండు రెట్లు దాటదని చూపండి. ఆ తర్వాత అన్ని శీర్షాలూ ఒకదానితో ఒకటి కలిసిన గ్రాఫ్ తీసుకుని, లీనియర్ ప్రోగ్రామ్ విలువ శీర్షాల సంఖ్యలో సగమేనని, అసలు సమాధానానికి ఒక్కటి తప్ప అన్ని శీర్షాలూ కావాలని గమనించండి. అంటే ఈ దారిలో రెండును దాటి కిందికి రాలేం. మరి వేరే దారిలో? ఖోట్ 2002లో ప్రతిపాదించిన, ఇంకా రుజువు కాని యూనిక్ గేమ్స్ కంజెక్చర్ నిజమైతే వేగమైన ఏ దారిలోనూ రాలేమనే నమ్మాలి.

ఈ చివరి మలుపు దగ్గర కుర్చీలో కాస్త ముందుకు జరిగారా? అయితే సరే. జరగకపోతే సిగ్గుపడాల్సిందేమీ లేదు, కానీ నాలుగైదేళ్లు గడపాల్సింది ఇలాంటి ప్రశ్నలతోనే.

మాస్టర్స్ థీసిస్ కొత్త ఫలితం కాకపోయినా ఫరవాలేదు. ఒక మూలలోని పాత ఫలితాలన్నీ సొంత మాటల్లో, ఒకే సంకేతాలతో రాసి, చివర ఒక్క చిన్న ప్రశ్నకు మీరే జవాబిచ్చి ఉంటే చాలు. వేసవిలో స్టైపెండ్ ఇచ్చే చోట్లు కూడా ఉన్నాయి: ఈపీఎఫ్‌ఎల్ వేసవి ఇంటర్న్‌షిప్, ఈటీహెచ్ విద్యార్థి వేసవి ఫెలోషిప్, ఐఎస్‌టీఏ ఇంటర్న్‌షిప్. రెండు మూడు నెలలు ఒక బృందంతో గడిపితే, సిఫార్సు లేఖ రాయగల మనిషి దొరుకుతాడు. పది కోర్సులు చేసినా అది దొరకకపోవచ్చు.

ఐదో అడుగు: ఉత్తరం

నేను పంపిన మొదటి ఉత్తరాల్లో "మీ విశిష్ట పరిశోధన నన్నెంతో ఆకర్షించింది" అని రాశాను. ఏ పరిశోధనో చెప్పలేదు. ఇరవై పంపితే ఒక్క జవాబు వచ్చింది, అది ఆటోమేటిక్ సెలవు సందేశం.

ఉత్తరంలో మూడు సంగతులుంటే చాలు. మీరెవరు, రెండు వాక్యాల్లో. వారి పనిలో మీరు ఏం చదివారు, చదివి ఏం చేశారు, ఐదారు వాక్యాల్లో. మీకు ఏం కావాలి, ఎప్పటి నుంచి, ఒక వాక్యంలో. రెండోదే ప్రాణం. ఉదాహరణకు ఇలా రాయవచ్చు: "మీ వ్యాసంలోని మూడో లెమ్మా అన్ని అంచుల బరువులూ సమానమని అనుకుంటుంది. బరువులు 1, 2 మాత్రమే అయితే అదే వాదన నిలుస్తుందా అని చూశాను. ఐదు శీర్షాల గ్రాఫ్ ఒకటి దాన్ని పడగొడుతోంది. జతచేసిన పేజీలో ఉంది. గ్రాఫ్ చెట్టు అయినప్పుడు మాత్రం నిలుస్తుందని అనుకుంటున్నాను, నిరూపణ అదే పేజీలో రాశాను. రెండో సందర్భంలో ఒకచోట నాకే అనుమానం ఉంది."

ఈ పేరాలో గొప్ప ఫలితమేమీ లేదు. అయినా చదివేవారికి మూడు సంగతులు తెలుస్తాయి: వ్యాసం నిజంగా చదివాడు, షరతు తీసేసి చూసే అలవాటుంది, అనుమానం ఉన్నచోట దాచలేదు. ఆ అనుమానం తప్పైనా నష్టం లేదు. జవాబు రాయడానికి ప్రొఫెసర్‌కు ఒక కారణం దొరికింది. పొగడ్తకు జవాబు రాయడం కష్టం, ప్రశ్నకు తేలిక.

ఇలాంటి ఉత్తరానికి వారం పడుతుంది. అందుకే జాబితా పదిహేను దాటకూడదన్నాను. యంత్రంతో రాయించి యాభైమందికి పంపాలన్న ఆలోచన వస్తే, అవతలివారికి రోజూ అలాంటివే వస్తాయని గుర్తుంచుకోండి. మార్కుల పత్రం, బయోడేటా, థీసిస్ జత చేయండి. రెండు వారాల్లో జవాబు రాకపోతే ఒక్కసారి గుర్తు చేయండి, ఆపైన వద్దు. కొందరు తమ పేజీలోనే "నాకు ఉత్తరం రాయకండి, కమిటీకి దరఖాస్తు పెట్టండి" అని రాసుకుంటారు. ముందు ఆ పేజీ చదవండి.

ఆరో అడుగు: దరఖాస్తు, సిఫార్సులు

ఉద్దేశ పత్రంలో బాల్యం వద్దు. గణితం అంటే చిన్నప్పటి నుంచి ఇష్టమని రాయనివారు లేరు. మిమ్మల్ని పట్టి ఉంచిన రెండు సమస్యలు, వాటి మీద మీరు తిన్న దెబ్బలు, ఆ సంస్థలో ఎవరితో ఎందుకు పనిచేయాలనుకుంటున్నారు: రెండు పేజీల్లో సరిపోతుంది.

సిఫార్సు లేఖ మీరు ఒక సమస్య దగ్గర ఇరుక్కుపోవడం చూసినవారు రాయాలి. "తరగతిలో మొదటి స్థానం" అన్న లేఖ మార్కుల పత్రం చెప్పిందే చెబుతుంది. "నా నిరూపణలో తప్పు పట్టాడు, మర్నాడు సరిదిద్దిన రూపం తెచ్చాడు" అన్న లేఖ ఇంకెక్కడా లేని సంగతి చెబుతుంది. పదవి పెద్దదని మీ పేరు కూడా సరిగా గుర్తులేనివారిని అడగకండి. గడువుకు కనీసం ఆరు వారాల ముందు అడగండి, మీ థీసిస్ సారాంశం చేతికివ్వండి.

కాలక్రమం చెప్పాలంటే, చేరాలనుకున్న తేదీకి పదిహేను నెలల ముందు జాబితా మొదలవ్వాలి. అమెరికా గడువులు ఎక్కువగా డిసెంబరులో ముగుస్తాయి, జవాబులు ఫిబ్రవరి, మార్చిలో వస్తాయి. జర్మనీ, నెదర్లాండ్స్, నార్డిక్ దేశాల ప్రకటనలు ఏడాది పొడవునా పడుతూనే ఉంటాయి. ఐరోపా పరిశోధన కొలువులు ప్రకటించే యూరాక్సెస్ పోర్టల్‌ను వారానికోసారి చూడండి.

ఏడో అడుగు: ఇంటర్వ్యూ

థీసిస్ గురించి ఇరవై నిమిషాలు చెప్పమంటారు, తర్వాత ఒక చిన్న సమస్య ఇస్తారు. అది ఎలా సాగుతుందో ఒక ఉదాహరణలో చూద్దాం. "ఏ గ్రాఫ్‌నైనా శీర్షాలను రెండు గుంపులుగా విడదీసి, కనీసం సగం అంచులు ఒక గుంపు నుంచి ఇంకో గుంపుకు పోయేలా, అంటే తెగేలా, చేయగలమా?"

ప్రతి శీర్షానికీ నాణెం ఎగరేస్తే ఒక్కో అంచు తెగే సంభావ్యత సగం, కాబట్టి సగటున సగం అంచులు తెగుతాయి, కాబట్టి అలాంటి విభజన ఒకటి ఉండే తీరాలి. "నాణెం లేకుండా?" శీర్షాలను ఒక్కొక్కటిగా పెడుతూ, ఇప్పటికే పెట్టిన పొరుగువారు ఏ వైపు ఎక్కువుంటే దానికి ఎదురు వైపు పెట్టండి. "అంచులకు దిశలుంటే?" నాణెం పద్ధతి నాలుగో వంతే ఇస్తుంది. "సగం కన్నా మెరుగ్గా?" అక్కడ గోమాన్స్, విలియమ్‌సన్ 1995లో ప్రచురించిన పద్ధతి వస్తుంది, అది మేలైన విభజన తెంచే అంచుల్లో కనీసం 0.878 వంతు ఇస్తుంది, దానికి సెమీడెఫినిట్ ప్రోగ్రామింగ్ (లీనియర్ ప్రోగ్రామింగ్‌కు విస్తృత రూపం) కావాలి. అది తెలియకపోతే తెలియదనే చెప్పండి. ప్రశ్నను అంచెలంచెలుగా పెంచేది మీరు ఎక్కడ ఆగుతారో, ఆగినప్పుడు ఏం చేస్తారో చూడటానికే. చిన్న ఉదాహరణ గీసి చూసేవారు, బయటికే చెబుతూ ఆలోచించేవారు, ఇచ్చిన సూచన అందుకునేవారు నెగ్గుతారు. నిశ్శబ్దంగా పది నిమిషాలు కూర్చుని సరైన జవాబు చెప్పినవారి కన్నా వారితోనే పనిచేయాలనిపిస్తుంది.

ఎనిమిదో అడుగు: ఆఫర్ చదవడం

ఆఫర్ వచ్చిన సంతోషంలో చాలామంది మొత్తం ఒక్కటే చూస్తారు. ఇవి కూడా అడగండి. ఎన్నేళ్లకు రాతపూర్వక హామీ ఉంది? ఒప్పందం రెండేళ్లకే ఉంటే పొడిగింపు దేని మీద ఆధారపడుతుంది? వారానికి ఎన్ని గంటల బోధన? ఆరోగ్య బీమా, విశ్వవిద్యాలయ రుసుములు జీతంలోంచి పోతాయా? సదస్సులకు ప్రయాణ ఖర్చు ఎవరిది? పన్ను పోగా చేతికెంత, అద్దె ఎంత?

అన్నిటికన్నా ముఖ్యమైన ప్రశ్న అడగడానికి మొహమాటపడతారు: గైడ్ వేరే చోటికి వెళ్లిపోతే నా సంగతేమిటి? ఈ రంగంలో అది అరుదు కాదు. ఐరోపా పరిశోధన మండలి గ్రాంటు ప్రొఫెసర్‌తోపాటు కొత్త సంస్థకు తరలగలదు, మీ జీతం కూడా దానితో పోవచ్చు. బోధన జీతం, గ్రాడ్యుయేట్ స్కూల్ ఫెలోషిప్ అయితే సంస్థ దగ్గరే ఉంటాయి, కానీ గైడ్ ఉండడు. రెండింటిలో ఏది మేలన్నది మీ పరిస్థితిని బట్టి ఉంటుంది; ఏది జరుగుతుందో మాత్రం సంతకానికి ముందే తెలియాలి. ఆ బృందంలోని ఇద్దరు విద్యార్థులతో గైడ్ లేనప్పుడు మాట్లాడండి. "వారానికి ఎన్నిసార్లు కలుస్తారు" అని అడిగితే సూటి జవాబు వస్తుంది, "గైడ్ ఎలాంటివారు" అని అడిగితే మర్యాద జవాబు వస్తుంది.

అమెరికాలో చాలా విశ్వవిద్యాలయాలు ఏప్రిల్ 15 ఒప్పందంలో ఉన్నాయి: ఆ తేదీకి ముందే తేల్చమని వారు ఒత్తిడి చేయకూడదు. ఐరోపా ప్రాజెక్టు కొలువుల్లో అలాంటి రక్షణ లేదు, వారం గడువే ఇవ్వవచ్చు. ఇంకో చోటి జవాబు కోసం చూస్తున్నామని నిజం చెప్పి, మరో పది రోజులు అడగండి, చాలామంది ఇస్తారు.

ఒకటి ఒప్పుకున్న రోజే మిగతా చోట్లకు వద్దని రాసేయండి. మీరు పట్టుకుని కూర్చున్న ఆ కొలువు కోసం వెయిటింగ్ జాబితాలో ఇంకొకరు రోజూ మెయిల్ తెరిచి చూస్తుంటారు. సిఫార్సు రాసినవారికి కూడా అదే రోజు చెప్పండి.